పాల పన్ను వేరు ఎంత పొడవు? మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన సంచికలో పిల్లల రూట్ కెనాల్ గురించి రాస్తూ "కెనాల్ పొడవు కొలిచి శుభ్రం చేస్తాం" అని ఒక ముక్క అనేసి ముందుకెళ్ళిపోయాను. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం ఆ ముక్క మీదే. కొలవడమేంటి, దేంతో కొలుస్తారు, ఊడిపోయే పంటికి అంత అవసరమా అని. సరే, ఈ నెల మొత్తం అదే మాట్లాడుకుందాం.

ప్రశ్న: మా బాబుకి 5 ఏళ్ళండీ. కింద దవడ పన్ను పుచ్చిపోయి రాత్రిళ్ళు ఏడుస్తుంటే తీసుకెళ్ళాం. డాక్టర్ గారు పంట్లో సన్నటి సూదులు పెట్టి, పెదవికి ఒక కొక్కెం తగిలించి, ఏదో మిషన్ బీప్ బీప్ అంటుంటే దాన్నే చూస్తూ కూర్చున్నారు. తర్వాత ఆ సూదులతోనే మళ్ళీ ఎక్స్‌రే తీశారు. పాల పన్నేగా, ఎలాగూ ఊడిపోయేదేగా, ఇంత హడావిడి ఎందుకు? — ఒక అమ్మ, ఖమ్మం

జవాబు: మీరు చూసిన హడావిడి అంతా ఒక్క అంకె కోసమేనమ్మా, పంటి వేరు లోపలి పొడవు. ఆ అంకె కరెక్టుగా రాకపోతే మిగతా పనంతా ఎంత బాగా చేసినా దండగే.

పన్ను మనకి పైకి కనిపించేంతే కాదు, సగానికి పైగా చిగురు కింద ఎముకలో వేర్లుగా దిగి ఉంటుంది, ఆ వేర్ల లోపల నరం ఉండే సన్నటి గొట్టాలు ఉంటాయి, వాటినే కెనాల్స్ అంటాం. మీ బాబుది కింద రెండో దవడ పన్ను అయితే వేర్లు రెండే కానీ కెనాల్స్ మామూలుగా మూడు, ఒక్కోసారి నాలుగు కూడా ఉంటాయి, పైగా దేని పొడవు దానిదే. మీరు చూసిన సూదుల పేరు ఫైల్స్, బీప్ కొట్టిన మిషన్ పేరు అపెక్స్ లొకేటర్, ఫైలు వేరు చివరికి చేరగానే మోగుతుంది. ప్రతి ఫైలు మీదా ఒక చిన్న రబ్బరు బిళ్ళ ఉంటుంది, ఫైలు లోపలికి దింపి ఆ బిళ్ళని పంటి పైన ఎత్తుగా ఉన్న మొన మీద ఆనేలా జరుపుతాం, బయటికి తీసి స్కేలు మీద పెడితే 13 అనో 14న్నర అనో మిల్లీమీటర్లు తెలుస్తాయి. బావి లోతు తాడు దింపి చూసినట్టే, కాకపోతే ఇక్కడ బావి వెడల్పు వెంట్రుకకి ఇంకాస్త ఎక్కువ, అడుగున నీళ్ళకి బదులు ఇంకో పన్ను ఉంటుంది.

ఆ ఇంకో పన్నే అసలు సంగతి. పాల దవడ పన్ను వేర్లు పట్టకారులా విచ్చుకుని ఉంటాయి, ఆ రెండు కాళ్ళ మధ్యలో రాబోయే పెద్ద పన్ను మొలక గూట్లో గుడ్డులా కూర్చుని ఉంటుంది. ఫైలు వేరు దాటి బయటికి పోతే మనం కెలికేది ఆ గూటి చుట్టుపక్కలే. అలాగని భయపడి సగంలో ఆపేస్తే కుళ్ళిన నరం అడుగునే మిగిలిపోయి, నాలుగు నెలలకి చిగురు మీద మళ్ళీ చీము పొక్కు లేస్తుంది. అందుకే వేరు చివరికి ఒక మిల్లీమీటరు ఇవతల, వేరు కరగడం మొదలైతే రెండు మిల్లీమీటర్లు ఇవతల ఆగాలని మా లెక్క.

ఊడిపోయే పన్నేగా అన్నారు కదా, ఎప్పుడు ఊడుతుందో చూడండి. ఆ రెండో దవడ పన్ను ఊడేది 10 నుంచి 12 ఏళ్ళ మధ్యలో, అంటే మీ వాడి నోట్లో అది ఇంకో అయిదు నుంచి ఏడేళ్ళు డ్యూటీ చెయ్యాలి. ఇప్పుడే పీకేస్తే దాని వెనకాల ఆరేళ్ళకి వచ్చే పెద్ద దవడ పన్ను ఖాళీ చూసుకుని ముందుకి జరిగి కూర్చుంటుంది, అసలు రావాల్సిన పంటికి చోటుండదు, బస్సులో కర్చీఫ్ వేసిన సీటు ఇంకొకరు లాగేసుకున్నట్టు. తర్వాత క్లిప్పులకి పెట్టే ఖర్చు ఇవాళ్టి బిల్లుకి ఎన్ని రెట్లో ఆ బాధ పడ్డవాళ్ళని అడగండి.

ప్రశ్న: డాక్టరమ్మా, నాకు 74. మా చిన్నప్పుడు ఊగే పంటికి దారం కట్టి, ఆ దారం తలుపుకి కట్టి లాగేసేవాళ్ళు. పేడలో పెట్టి ఇంటి కప్పు మీదకి విసిరేస్తే మంచి పళ్ళొస్తాయనేవాళ్ళు. పిప్పి పన్నుకి వాకుడు గింజల పొగ పట్టేవాళ్ళు, పురుగులు రాలేవి. మా మనవరాలికి మాత్రం ఒక్క పంటికి మూడు సిట్టింగులు. కాలం మారిందా, పళ్ళు మారాయా? — తెనాలి నుంచి ఒక తాతగారు

జవాబు: పళ్ళు మారలేదు తాతగారూ, తిండి మారింది. ఇక ఆ పురుగులంటారా, పంట్లో పురుగు ఉండదండీ, పన్నుని పుచ్చబెట్టేది కంటికి కనపడని బాక్టీరియా. పొగతో బాధ కాసేపు మరుపుకొచ్చేదేమో గానీ పుచ్చు పోదు. లవంగ నూనెని మాత్రం నేను కాదనను, అందులో యూజినాల్ ఉంటుంది, ఇవాళ్టికీ పాల పళ్ళ కెనాల్స్‌లో నింపే జింక్ ఆక్సైడ్ యూజినాల్ పేస్టులో ఉండేది అదే. మా క్లినిక్ తలుపు తియ్యగానే వచ్చే ఆ మసాలా డబ్బా వాసన దాందే.

మీ దారం కథలో ఒక మంచి పాయింటు ఉంది. ఊగే పన్నుని లాగినప్పుడు చేతికి ఏమొచ్చింది? ఉత్త టోపీ లాంటి ముక్క, కింద వేరు ఉండదు. మరి వేరు ఎటుపోయింది? కింద నుంచి పెద్ద పన్ను పైకి వస్తుంటే ఒంట్లోని కణాలే పాల పన్ను వేరుని కొంచెం కొంచెంగా కరిగించేస్తాయి. ఊడటానికి మూడు నాలుగేళ్ళ ముందే ఈ కరగడం మొదలవుతుంది. మీరు దారం కట్టింది కరగడం అయిపోయిన పంటికి. మీ మనవరాలిది ఇంకా వేరున్న పన్ను, దానికి దారం కడితే తలుపే ఊడొస్తుంది.

పెద్దవాళ్ళ పంటి కెనాల్ ఇవాళ కొలిచినా ఏడాది తర్వాత కొలిచినా దాదాపు అంతే ఉంటుంది. పాల పంటికి ఆ గ్యారంటీ లేదు.

ప్రశ్న: మేడమ్, నేను బీడీఎస్ అయ్యి హౌస్ సర్జన్‌గా చేస్తున్నాను. 7 ఏళ్ళ పాపకి పల్పెక్టమీ (పాల పంటి రూట్ కెనాల్). ఆర్‌వీజీలో (కంప్యూటర్ తెర మీద కనిపించే పంటి ఎక్స్‌రే) చూస్తే ఫైలు చివర వేరు చివరికి ఇంకా 2 మిల్లీమీటర్లు ఇవతలే ఉంది, అపెక్స్ లొకేటర్ మాత్రం చివరికొచ్చేశావ్ అని మోగుతోంది. ఏది నమ్మాలి? మా సీనియర్ ఎక్స్‌రేనే నమ్ము అన్నారు. — విజయవాడ

జవాబు: నీ ప్రశ్న చదవగానే నాకు నా పీజీ రోజులు గుర్తొచ్చాయి తమ్ముడూ, అచ్చం ఇదే కేసు, పాపకి అప్పుడు ఏడో ఎనిమిదో ఏళ్ళు, కింద రెండో దవడ పన్ను, వెనక వేరు. మిషన్ 12న్నర దగ్గర మోగింది, ఎక్స్‌రేలో వేరు ఇంకా కిందికి నిండుగా కనిపిస్తోంది, ఈ మిషన్‌కి బ్యాటరీ అయిపోయిందేమో అనుకుని 14 కి ఫిక్సయ్యాను. కెనాల్ కడిగి ఆరబెడదామని పేపర్ పాయింట్ (తడి పీల్చే సన్నటి కాగితపు పుల్ల) పెట్టి తీస్తే చివర ఒకటిన్నర మిల్లీమీటర్ల మేర ఎర్రగా తడిసి వచ్చింది, మిగతాదంతా తెల్లగా పొడిగానే ఉంది. ఇంకోటి పెట్టాను, మళ్ళీ అంతే. ఆ ఎర్ర గీత మొదలైన చోటు నుంచి పైకి కొలిస్తే 12న్నర! మిషన్ చెప్పింది నిజం, నేను మొండికేశాను. పాప అదృష్టం, నా అదృష్టం, పెద్దగా ఏమీ కాలేదు గానీ ఆ పేపర్ పాయింట్ ఇప్పటికీ కళ్ళ ముందు ఉంటుంది.

ఎందుకలా అయిందంటే, పాల దవడ పన్ను వేరు అన్ని వైపులా సమానంగా కరగదు. పెద్ద పన్ను మొలక వేర్ల మధ్యలో ఉంటుంది కాబట్టి లోపలి వైపు నుంచి, అంటే వేర్లు ఒకదాన్నొకటి చూసుకునే వైపు నుంచి ముందు తినేస్తుంది, కలం ములుకు ఏటవాలుగా చెక్కినట్టు. ముందు పళ్ళకైతే నాలుక వైపు నుంచి. ఎక్స్‌రే మనకి చూపించేది నీడ మాత్రమే. ఒక పక్క గోడ కరిగిపోయినా ఇంకో పక్క గోడ చివరిదాకా నిలబడి ఉంటే నీడ నిండుగానే పడుతుంది. మొండిగోడ నీడ చూసి ఇల్లు మొత్తం ఉందనుకున్నట్టు. కెనాల్ మాత్రం గోడ కరిగిన చోటే బయటికి తెరుచుకుని ఉంటుంది, ఫైలు అక్కడే బయటపడుతుంది.

మిషన్ నీడని చూడదు, దానికి కావాల్సింది ఫైలు చివర కెనాల్ దాటి చుట్టూ ఉన్న కణజాలాన్ని తాకిందా లేదా అన్నదే. దీని వెనక కథ బాగుంటుంది. 1942లో జపాన్‌లో సుజుకి అనే ఆయన కుక్కల పళ్ళ మీద ప్రయోగాలు చేస్తూ, పంటి చుట్టూ ఉండే పొరకీ నోటి లోపలి చర్మానికీ మధ్య విద్యుత్ నిరోధం ఎప్పుడూ దాదాపు ఒకే విలువలో ఉంటోందని గమనించాడు. 1962లో సునాడా దాన్ని మనుషుల పళ్ళ మీదకి తెచ్చాడు, ఆయన వాడిన అంకె 6.5 కిలో ఓమ్స్. పెదవికి కొక్కెం ఎందుకంటే అదీ, సర్క్యూట్ పూర్తవ్వాలి కదా. అప్పటి మిషన్లు కెనాల్‌లో కొంచెం తడి ఉన్నా తప్పుడు రీడింగ్ ఇచ్చేవి. 1990ల మొదట్లో వచ్చిన రూట్ జెడ్‌ఎక్స్ లాంటివి రెండు ఫ్రీక్వెన్సీలు ఒకేసారి పంపి, 8 కిలోహెర్ట్జ్ ఒకటి, 0.4 కిలోహెర్ట్జ్ ఒకటి, వాటి నిష్పత్తి చూస్తాయి, అందుకే తడి ఉన్నా పనిచేస్తాయి.

అలాగని మిషన్‌ని గుడ్డిగా నమ్మమని నేననట్లేదు. పాల పళ్ళలో దానికి తిక్క వచ్చే సందర్భాలు ఉన్నాయి. పిల్లలకి ఉమ్మి ఊరుతూనే ఉంటుంది, పుచ్చిన పంటికి ఒక పక్క గోడే ఉండదు, ఆ ఉమ్మి కెనాల్‌లోకి కారి చిగురుతో కలిసిందంటే ఫైలు పెట్టగానే మోగేస్తుంది. ముందు ఆ గోడ సిమెంటుతో కట్టుకో, రబ్బర్ డ్యామ్ (ఉమ్మి రాకుండా పంటి చుట్టూ కట్టే రబ్బరు తెర) వేసుకో. పక్క పంటి స్టీల్ క్యాపుకి ఫైలు తగిలినా అంతే. కెనాల్ చివర బాగా వెడల్పయిపోతే సన్న ఫైలు అందులో వదులుగా ఊగుతుంది, 10 నంబరు బదులు గోడలకి ఆనేలా 15 గానీ 20 గానీ పెట్టి చూడు. ఇంకొకటి, చాలామంది డాక్టర్లే పొరబడతారు, స్క్రీన్ మీద 0.5 అని ఉంటే అది అర మిల్లీమీటరు కాదు, ఉత్త గుర్తు మాత్రమే. సున్నా వచ్చేదాకా వెళ్ళి అక్కడ కొలుచుకుని అందులోంచి ఒకటో రెండో నువ్వు తీసెయ్యి.

ఎక్స్‌రేలో కూడా సాగడం కుంచించుకుపోవడం ఉంటుంది కాబట్టి లెక్క చేసుకోవడం అలవాటు చేసుకో. ఉదాహరణకి నువ్వు లోపల పెట్టిన ఫైలు నిజంగా 14 మిల్లీమీటర్లు, బొమ్మలో 15.4 కనిపిస్తోంది, పన్ను మొత్తం బొమ్మలో 16.5 ఉంది అనుకో, 14 ని 16.5 తో గుణించి 15.4 తో భాగిస్తే అసలు పన్ను 15. అందులోంచి ఒకటి తీసేస్తే 14, అంటే ఫైలు సరైన చోటే ఉంది. ఆర్‌వీజీ సాఫ్ట్‌వేర్‌లో కొలిచే ఆప్షన్ ఉంటుంది గానీ ముందు తెలిసిన పొడవుతో సరిచూసుకోకుండా దాని మీద వచ్చే అంకె రాసేసుకోకు. పైగా చిన్న పిల్లల నోట్లో సెన్సర్ నిటారుగా పట్టదు, అంగిలి లోతు తక్కువ, నొప్పని వాడు నాలుకతో తోసేస్తాడు, కోణం మారిపోతుంది.

ఇప్పుడు నీ ప్రశ్నకి వస్తే, మిషన్, ఎక్స్‌రే ఒకే మాట చెప్తే హాయి. రెండూ కొట్టుకుంటే, ఉమ్మి, క్యాపు లాంటివన్నీ చూసుకున్నాక కూడా మిషన్ అదే చెప్తుంటే, పాల పంట్లో తక్కువ అంకెనే తీసుకో. మూడో సాక్షిగా పేపర్ పాయింట్ పెట్టి చూడు. మీ సీనియర్‌తో వాదించకు, ఆ పేపర్ పాయింట్ తీసుకెళ్ళి చూపించు చాలు.

ప్రశ్న: పిల్లాడి నోట్లో కరెంటు పెట్టారట, విని మా అత్తగారు ఒకటే గొడవ. ప్రమాదమా? — కాకినాడ

జవాబు: లేదండీ. బ్యాటరీ మీద నడిచే మిషన్ అది, పంపే కరెంటు ఎంత తక్కువంటే బాబుకి తెలియను కూడా తెలియదు. గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్ళైతే ముందుగా డాక్టర్‌కి చెప్పాలి. మీ అత్తగారికి పేస్‌మేకర్ ఉండి ఆవిడే రూట్ కెనాల్ చేయించుకుంటుంటే అప్పుడు మాట్లాడుకుందాం.

ప్రశ్న: మేము న్యూజెర్సీలో ఉంటాం. మా 6 ఏళ్ళ పాపకి ఒకే పంటికి మూడు ఎక్స్‌రేలు తీశారు, ముందొకటి, సూదులతో ఒకటి, మందు నింపాక ఒకటి. పైగా బరువు ఆప్రాన్ కూడా వెయ్యలేదు. ఇండియాలో అమ్మకి చెప్తే కంగారు పడుతోంది. మిషన్ ఉన్నప్పుడు మధ్యలో ఎక్స్‌రే మానెయ్యచ్చుగా?

జవాబు: నోట్లో తీసే ఒక చిన్న ఎక్స్‌రేకి పడే డోసు సుమారు 5 మైక్రోసీవర్ట్స్ ఉంటుంది, డిజిటల్‌లో ఇంకా తక్కువే. మనం నేల నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి ఊరికే పీల్చుకునే రేడియేషన్ ప్రపంచ సగటున ఏడాదికి 2,400 మైక్రోసీవర్ట్స్, రోజుకి ఆరున్నర లెక్క. అంటే ఆ మూడూ కలిపినా రెండు మూడు రోజుల మామూలు బతుకంత. ఆప్రాన్ విషయానికొస్తే, 2024లో అమెరికన్ డెంటల్ అసోసియేషనే దంతాల ఎక్స్‌రేలకి ఆప్రాన్, మెడ కాలర్ ఇక అక్కర్లేదని చెప్పింది, ఎందుకంటే ఇప్పటి మిషన్లు కిరణాన్ని పన్ను వరకే కుదించి పంపుతాయి, ఆప్రాన్ అడ్డొచ్చి బొమ్మ పాడైతే రెండోసారి తియ్యాల్సి రావడమే ఎక్కువ నష్టం. కొన్ని రాష్ట్రాల రూల్స్ ఇంకా పాతవే ఉండొచ్చు, మీ డాక్టర్‌నే అడగండి.

మధ్యది మానెయ్యచ్చా అంటే, మిషన్ రీడింగ్ నిలకడగా ఉంటే చాలామంది మానేస్తున్నారు, నేనూ మానేస్తా, ముఖ్యంగా సెన్సర్ చూడగానే వాంతి చేసుకునే పిల్లలకి. ముందుది మాత్రం మానకూడదు. వేరు ఎంత మిగిలింది, ఎముక ఎంత పోయింది, కింద పన్ను అసలు ఉందా లేదా, ఇవి ఏ మిషనూ బీప్ కొట్టి చెప్పదు. అమ్మకి ఫోన్ చేసి ఈ లెక్క చదివి వినిపించండి.

ప్రశ్న: మాది నల్లగొండ. మా అబ్బాయికి 4 ఏళ్ళు. పంట్లో నింపిన మందు వేరు దాటి కొంచెం బయటికి వచ్చిందని ఎక్స్‌రేలో తెల్లగా కనిపిస్తోంది. డాక్టర్ సార్ ఏం కాదు అన్నారు. రేపు వచ్చే పన్ను మీద మచ్చలొస్తాయా? మా ఊళ్ళో అసలే ఫ్లోరైడ్ మచ్చలు.

జవాబు: ఏం మందు నింపారో అడగండి. కాల్షియం హైడ్రాక్సైడ్, అయడోఫార్మ్ కలిసిన పేస్ట్ అయితే, మెటాపెక్స్ లాంటివి, బయట పడ్డ ముక్కని ఒళ్ళు కొన్ని వారాల్లో నెలల్లో పీల్చేసుకుంటుంది. జింక్ ఆక్సైడ్ యూజినాల్ అయితే కరగడం బాగా నెమ్మది, బయట ఉండిపోవచ్చు, ఆరేసి నెలలకి ఒకసారి చూపించుకుంటూ ఉండాలి. పెద్దవాళ్ళకి వాడే గుట్టా పెర్చా అయితే మాత్రం, కింద పన్ను ఉన్న పిల్లలకి అది వాడరు, అసలు కరగదు కాబట్టి. చూశారుగా, పాల పంట్లో నింపే మందు కూడా వేరుతో పాటు కరిగిపోయేదై ఉండాలి.

మచ్చల సంగతి. పాల దవడ పళ్ళ చోట వచ్చే పెద్ద పళ్ళ పై భాగం లోపల తయారవడం రెండేళ్ళ వయసు అటూ ఇటూగా మొదలై ఆరేడేళ్ళకి పూర్తవుతుంది. మీ వాడికి నాలుగే కాబట్టి ఎనామెల్ ఇంకా తయారవుతూనే ఉంది. ఎక్కువ దెబ్బ తీసేది ఈ కాస్త మందు కాదు, నెలల తరబడి అక్కడ ఉన్న చీము. దాని వల్ల మచ్చ వస్తే ఆ ఒక్క పంటికే వస్తుంది, తెల్లగానో గోధుమ రంగుగానో, ఒక్కోసారి గుంటలా. ఫ్లోరైడ్ మచ్చలు అలా కాదు, కుడి ఎడమ జంటగా చాలా పళ్ళకి, అడ్డ చారలుగా వస్తాయి. కాబట్టి రేపు ఒక్క పంటికి మచ్చ కనిపిస్తే నీళ్ళని తిట్టకండి, నాలుగు పళ్ళకి కనిపిస్తే డాక్టర్‌ని తిట్టకండి.

ప్రశ్న: మా పాపకి ఏడున్నర. ఒక డాక్టర్ వేర్లు సగం కరిగిపోయాయి, కొలిచినా లాభం లేదు, తీసేద్దాం అంటున్నారు. ఇంకొకరు రూట్ కెనాల్ చేసి క్యాప్ వేస్తామంటున్నారు. ఎవరి మాట వినాలి? — వరంగల్

జవాబు: ఎక్స్‌రే చూడకుండా ఫలానా ఆయనే కరెక్టు అని చెప్పను గానీ, మీరు రాసినట్టు నిజంగా సగం పోయి ఉంటే నేనూ తీసెయ్యమనే అంటాను. మూడింట రెండు వంతుల వేరైనా మిగిలితేనే పల్పెక్టమీకి అర్థం ఉంటుంది. దవడ పన్నుకి ఏడున్నరకే సగం పోయిందంటే అది చాలావరకు వయసుతో వచ్చిన కరుగుదల కాదు, చీము తినేసి ఉంటుంది. అలాంటి కెనాల్‌కి చివర అంటూ ఉండదు, చిరిగిన సంచిలో నీళ్ళు కొలవడమే.

తీసేశాక ఊరుకోకండి. ఇద్దరు డాక్టర్లనీ ఒకటే అడగండి, కింద పెద్ద పన్ను మీద ఎముక ఎన్ని మిల్లీమీటర్లు ఉందో చూసి చెప్పమనండి. ఒక్కో మిల్లీమీటరు ఎముక దాటడానికి దానికి సుమారు నాలుగైదు నెలలు పడుతుంది, మూడు నాలుగు మిల్లీమీటర్లు ఉంటే ఏడాది పైనే అన్నమాట, అప్పుడు ఖాళీ మూసుకుపోకుండా స్పేస్ మెయింటైనర్ పెట్టించాలి. ఎముక చీముకి కరిగిపోయి ఉంటే పన్ను తొందరగానే బయటికి రావచ్చు, అది కూడా అదే ఎక్స్‌రేలో కనిపిస్తుంది. వెళ్ళేటప్పుడు పాత ఎక్స్‌రే పట్టుకెళ్ళండి, మళ్ళీ తియ్యాల్సిన పని తప్పుతుంది. తీయించిన రోజు మత్తు దిగేదాకా పాప పక్కనే ఒకరు కూర్చోండి, పెదవి మొద్దుబారి ఉండటంతో తెలియకుండా కొరికేసుకుంటారు పిల్లలు, మర్నాడు అది వాచిపోతే దానికి మళ్ళీ ఇంకో ఉత్తరం రాస్తారు.